గోనెగుడ్డ మీద సూర్యుడు

ఒక రచన కుదరలేదని చెప్పదలచుకున్న తెలుగు సమీక్షకుడికి వెతుక్కోనక్కర లేకుండా దొరికే మాట ‘అతుకుల బొంత’. సినిమా కథ నడవకపోతే అతుకుల బొంత. నాలుగు పార్టీలు కలిసి ఒక ప్రభుత్వాన్ని నిలబెడితే అతుకుల బొంత. ఈ మాట వాడేవారిలో ఎందరు నిజంగా ఒక బొంతను చేతిలోకి తీసుకుని వెలుతురుకు పట్టి చూశారో నాకు అనుమానమే. చూసి ఉంటే దాన్ని తిట్టుగా వాడడానికి మనసొప్పదు. మంచి బొంతలో అతుకు కనబడుతుంది గాని ఊడదు. ఒక పొర చిరిగితే కింద మరొక పొర ఉంటుంది. ఆ పొరలన్నిటినీ దగ్గర దగ్గరగా వేసిన కుట్టు పట్టి ఉంచుతుంది. మా అమ్మమ్మ బొంత కుట్టేటప్పుడు ఏ చీర పైకి రావాలో, ఏది లోపల పొరగా ఉండాలో చాలాసేపు ఆలోచించేది. పోయినవాళ్ళ చీర ఎప్పుడూ లోపలి పొరలోకే వెళ్ళేది. “ఒంటికి తగలాల్సిన పని లేదు, వెచ్చగా ఉంటే చాలు” అనేది.

ఇంతకీ ఈ మాటతో ఎందుకు మొదలుపెట్టానంటే, మిక్స్‌డ్ మీడియా అని పిలిచే కళారూపాన్ని తెలుగులో ఏమనాలా అని కొంతకాలంగా ఆలోచిస్తున్నాను. రంగు, కాగితం, గుడ్డ, చెక్క, రేకు, ఫొటో, పాత ఉత్తరం, ఏది దొరికితే అది ఒకే ఫలకం మీదకు చేర్చే పద్ధతి అది. ‘మిశ్రమ మాధ్యమం’ అని పత్రికలు రాస్తున్నాయి. తప్పు పట్టను గాని, ఆ మాట వింటే మందుల సీసా మీది చీటీ గుర్తుకొస్తుంది. ‘అతుకుబొమ్మ’ అంటే ఏం? నలుగురూ వాడితే నిలబడుతుంది, లేకపోతే లేదు. పద్ధతి మాత్రం మనకు కొత్తది కాదు. చేర్యాల కళాకారులు చేసే మాస్కులలో కొబ్బరి చిప్ప ఉంటుంది, రంపపు పొట్టు ఉంటుంది, చింతగింజల ముద్ద ఉంటుంది. కొండపల్లి బొమ్మకు తెల్లపొణికి కర్రతో చేసిన చేతులూ కాళ్ళూ అతికేది కూడా ఆ చింతగింజల ముద్దతోనే. అతకడం అనే పనిలో మనవాళ్ళు ఎవరికీ తీసిపోరు.

నేను చెప్పదలచుకున్నది కష్టకాలంలో ఆశను గురించి చేసే బొమ్మల సంగతి. అటువంటి బొమ్మ ఒకటి చేయమని ఎవరినైనా అడగండి. ఎనిమిదిమంది ఉదయించే సూర్యుణ్ణి వేస్తారు. మిగిలిన ఇద్దరిలో ఒకరు బీటలువారిన నేలలోంచి మొలక, మరొకరు చేతుల్లోంచి ఎగిరిపోయే పావురం. ఆ సూర్యుడితో గాని పావురంతో గాని నాకు వైరం లేదు. కాని వాటిలో ఏ ఒక్కటీ ఆ కష్టం జరిగినచోట లేదు. దుకాణంలో కొన్న రంగు ఏ చావునూ చూడలేదు, ఏ ఆకలినీ చూడలేదు. అతుకుబొమ్మ దగ్గర వ్యవహారం వేరు. అక్కడ పదార్థమే సాక్షి. కాబట్టి దాని ఆశను కూడా అందులో గీసినదానిలో కంటే అతికినదానిలో వెతకాలని నా అభిప్రాయం. ఇలా గాలిలో చెబితే నిలవదు. చిలీ దేశపు ఆడవాళ్ళ గోనెగుడ్డల కథ చెబుతాను.

1973 సెప్టెంబరు 11న చిలీలో సైన్యం తిరగబడింది. ఎన్నికైన అధ్యక్షుడు సాల్వడార్ అయెందే అధ్యక్ష భవనంలోనే మరణించాడు. జనరల్ పినోచే అధికారంలోకి వచ్చాడు. ఆ తరువాతి 17 ఏళ్ళలో 3,000 మందికి పైగా చంపబడ్డారనో అదృశ్యమయ్యారనో తరువాతి ప్రభుత్వాలు నియమించిన సంఘాలు తేల్చాయి. ‘అదృశ్యం’ అన్నది అక్కడ ఒక ప్రత్యేకమైన మాట. రాత్రి ఇంటికి వచ్చి మనిషిని తీసుకుపోతారు. మర్నాడు అడిగితే అటువంటి మనిషిని మేము పట్టుకోలేదంటారు. శవం ఉండదు, కేసు ఉండదు, కర్మకాండ ఉండదు. భార్య వితంతువో కాదో తెలియదు. వారిలో వెయ్యిమందికి పైగా మనుషుల జాడ నేటికీ తెలియదు.

మగవాళ్ళు కొందరు అలా పోయారు. ఇంకా చాలామంది ఉద్యోగాలు పోగొట్టుకుని ఇంట్లో కూర్చున్నారు. సాంటియాగో నగరపు అంచుల్లోని బస్తీలలో ఆకలి మొదలైంది. అప్పుడు చర్చిలు కలిసి ఒక సహాయ సంఘాన్ని పెట్టాయి. 1974 నుంచి దాని నీడన ఆడవాళ్ళు చిన్న చిన్న బృందాలుగా కూర్చుని గోనెగుడ్డ మీద బొమ్మలు కుట్టడం ప్రారంభించారు. 1975 చివరకు పినోచే ఒత్తిడి తట్టుకోలేక ఆ సంఘం మూతబడింది. 1976 జనవరిలో కార్డినల్ రావుల్ సిల్వా ఎన్రీకెజ్ నేరుగా తన చర్చి గొడుగు కింద ‘వికరియా దె లా సొలిదారిదాద్’ అనే సంస్థను తెరిచాడు. మూసినదాన్ని వేరే పేరుతో తెరిచాడన్నమాట. కుట్టుపని సాగింది.

ఆ కుట్టుబొమ్మల పేరు అర్పియేరా. స్పానిష్ భాషలో ఆ మాటకు అర్థం గోనెగుడ్డ, అంతే. మన ‘బొంత’ లాగే వస్తువు పేరే కళ పేరు అయింది. పిండి బస్తానో చక్కెర బస్తానో విప్పి ముక్కలుగా కోస్తారు. ఒక్కొక్కటి ఒక పెద్ద పుస్తకాన్ని తెరిచి పరచినంత ఉంటుంది. దాని మీద పాత బట్టల ముక్కలతో ఇళ్ళూ, వీధీ, కొండలూ కుడతారు. మనుషులను మాత్రం చిన్న గుడ్డబొమ్మలుగా చేసి పైన కుడతారు. అందుచేత వాళ్ళు ఫలకం మీద నుంచి కాస్త లేచి నిలబడి ఉంటారు. కొన్నిటిలో అగ్గిపుల్లలూ రేకు ముక్కలూ కూడా కనిపిస్తాయి. అంచు చుట్టూ ఉన్నితో అల్లిక వేస్తారు. కొన్నిటికి వెనకవైపు ఒక చిన్న జేబు ఉంటుంది. అందులో మడిచిన చీటీ, ఆ బొమ్మలో ఏమి ఉందో కుట్టినావిడ రాసినది. పేరు మాత్రం చాలావాటి మీద ఉండదు. పేరు రాస్తే ప్రాణానికి ముప్పు.

గోనె మీద కుట్టడం చిలీకి అప్పటికే తెలుసు. జానపద గాయని వియోలెతా పార్రా జబ్బుపడి మంచం పట్టిన రోజుల్లో గోనెగుడ్డ మీద కుట్టడం మొదలుపెట్టి, 1964లో పారిస్‌లోని లూవ్ర్ ప్రాసాదంలో ఉన్న అలంకార కళల మ్యూజియంలో తన పనిని ప్రదర్శించింది. 1967లో ఆమె చనిపోయింది. ఆమె పేరు ఈ ఆడవాళ్ళకు తెలుసు. కాని ఆమె చేతికి ఉన్న నేర్పు వీళ్ళలో చాలామందికి లేదు. సూదికి దారం ఎక్కించడం తప్ప కుట్టుపని ఎరగనివాళ్ళు కూడా ఉన్నారు. ఈ సంగతి మరచిపోకూడదు. ఎందుకంటే ఈ బొమ్మలు చూసి ‘అమాయకమైన జానపద కళ’ అని మెచ్చుకునేవారు తరువాత చాలామంది వచ్చారు. అందులో అమాయకత్వం ఏమీ లేదు.

ఏమి కుట్టారు? బస్తీలో అందరూ కలిసి వండుకునే ఉమ్మడి వంటకుండ. నీళ్ళకోసం నిలబడిన వరుస. కరెంటు తీగ కత్తిరించిన ఇల్లు. మూసివేసిన ఫ్యాక్టరీ తలుపు, దాని మీద ‘ఖాళీలు లేవు’ అన్న పలక. పోలీసు బండి. ఫొటోలు పట్టుకుని నిలబడిన ఆడవాళ్ళు, ఆ ఫొటోల పక్కన ‘ఎక్కడున్నారు?’ అన్న ప్రశ్న. 1978లో లోన్‌కేన్ అనేచోట మూతబడిన సున్నపు బట్టీలలో 15 మంది శవాలు బయటపడ్డాయి. తరువాత ఆ బట్టీలు కూడా గోనెగుడ్డ మీదకు వచ్చాయి. ఇవి దేశం దాటి బయటకు వెళ్ళి అమ్ముడుపోయాయి, ఆ డబ్బుతో రొట్టె వచ్చింది. ప్రభుత్వాన్ని సమర్థించే పత్రికలు వీటిని దేశం పరువు తీసే గుడ్డలని నిందించాయి. గుడ్డముక్కకు పరువు తీసేంత శక్తి ఉందని ఒప్పుకున్నది ముందుగా ఆ పత్రికలే. మన కళావిమర్శకులకు ఇంకాస్త సమయం పట్టింది.

ఇప్పుడు అసలు సంగతి. అదృశ్యమైనవారి ఇళ్ళ ఆడవాళ్ళు వారి బట్టలనే కత్తిరించి ఈ బొమ్మలలో వాడిన సందర్భాలున్నాయి. భర్త చొక్కాలోంచి ఒక ముక్క, కొడుకు ప్యాంటులోంచి ఒక ముక్క. ఆ పని చేయడానికి కత్తెర ఎత్తిన క్షణాన్ని ఒకసారి ఊహించండి. మనిషి తిరిగి వస్తాడని ఎదురుచూస్తూ పెట్టెలో దాచిన చొక్కా అది. కోస్తే ఆశ వదులుకున్నట్టా? కోయకపోతే ఆ చొక్కా పెట్టెలోనే చిల్లులు పడుతుంది, అతని గురించి ఎవరికీ తెలియదు. ఆ ఆడవాళ్ళు కోశారు. మనిషి వస్తాడన్న నమ్మకాన్ని, మనిషి పోయాడన్న దుఃఖాన్ని ఒకే కత్తెరతో కోసి, రెంటినీ కలిపి కుట్టారు. సూర్యోదయం బొమ్మ వేసినవాడు ఈ సంకటం దరిదాపులకు కూడా పోనక్కర లేదు.

అయితే ఈ అర్పియేరాలలో సూర్యుడు లేడా అంటే, ఉన్నాడు. దాదాపు ప్రతి దానిలోనూ ఉన్నాడు. పైన ఆండీస్ కొండల వరుస, దాని మీద పసుపుపచ్చని గుండ్రటి గుడ్డ. ఉమ్మడి వంటకుండ మీద సూర్యుడే, పోలీసు బండి మీద కూడా సూర్యుడే. ఇది చూసి పాశ్చాత్య రచయితలు చాలామంది ఆశకు చిహ్నం అని రాసేశారు. కావచ్చు. కుట్టినవారిలో కొందరు కూడా అలాగే చెప్పి ఉండవచ్చు. నాకు మాత్రం ఆ సూర్యుడు ముందు భూగోళంగా కనిపిస్తాడు. సాంటియాగోకు తూర్పున ఆండీస్ గోడలా నిలబడి ఉంటుంది. అక్కడ సూర్యుడు కొండ దాటి పైకి రావాలి, అందుకు సమయం పడుతుంది. ఆ ఊరి మనిషి ‘ఇది మా ఊరు’ అని చెప్పడానికి ముందుగా వేసేది ఆ కొండలనూ ఆ సూర్యుణ్ణీ. అంటే ఆ పసుపు గుడ్డ “అంతా మంచే జరుగుతుంది” అనడం లేదు. “ఈ సంగతి ఇక్కడ జరిగింది, పట్టపగలు జరిగింది” అంటోంది. పగటి వెలుతురులో జరిగిన దానిని జరగలేదని బుకాయిస్తున్న ప్రభుత్వానికి ఇంతకంటే గట్టి జవాబు ఏముంటుంది? జరిగినదాన్ని జరిగిందని చెప్పగలగడమే ఆ రోజుల్లో ఆశ. మిగిలినవన్నీ ఆ తరువాతివే.

ఇక్కడ ఒక ఆక్షేపణ వినిపిస్తుంది. అమ్మకానికి చేసినది కళ ఎలా అవుతుంది, దుఃఖాన్ని బేరానికి పెట్టడం కాదా అని. కడుపు నిండినవాడి ప్రశ్న ఇది. ఆ ఆడవాళ్ళకు రెండు అక్కరలు ఉన్నాయి: పిల్లలకు రొట్టె, పోయినవాడి సంగతి ప్రపంచానికి తెలియడం. ఒకే గుడ్డ రెండు పనులూ చేసింది. కొనేవారి కోసం రంగులు కాస్త ప్రకాశంగా వేసుకుని ఉంటారు, కొన్ని దృశ్యాలను వదిలేసి ఉంటారు. అయినా ఆ పిండి బస్తాను చూడండి. ఒకప్పుడు ఆ బస్తాలో రొట్టెకు పిండి వచ్చింది. ఖాళీ అయ్యాక అదే గుడ్డ బొమ్మ అయి వెళ్ళి మళ్ళీ పిండిని తెచ్చింది. ఇంతకంటే నిజాయితీ అయిన వ్యాపారం నాకు తెలియదు.

మరొక ఆక్షేపణ ఉంది. అది తేలికగా తీసివేయదగినది కాదు. ఇదంతా కష్టం వల్ల గొప్ప కళ పుడుతుందని చెప్పడానికే దారి తీయదా అని. కష్టకాలాన్ని కళకు ఎరువుగా చూసే ఆ ధోరణి నాకు రోత. కర్ట్ ష్విట్టర్స్ అనే జర్మను చిత్రకారుడి జీవితం చూస్తే ఆ మాట ఎంత అబద్ధమో తెలుస్తుంది.

ష్విట్టర్స్ 1919లో ట్రాము టికెట్లూ, చిరిగిన ప్రకటనలూ, చెక్కముక్కలూ అతికి బొమ్మలు చేయడం మొదలుపెట్టాడు. ఒక బ్యాంకు ప్రకటన కాగితాన్ని కత్తిరించగా అందులో మిగిలిన ‘మెర్జ్’ అన్న అర్థం లేని ముక్కనే తన కళకు పేరుగా పెట్టుకున్నాడు. మొదటి ప్రపంచయుద్ధంలో ఓడిపోయిన దేశంలో, అన్నీ విరిగిపోయాక, విరిగినవాటితోనే కొత్తది కట్టాలన్నది అతని పట్టు. హానోవర్‌లోని తన ఇంట్లో గదుల్లోకి గదులుగా ఒక పెద్ద కట్టడాన్ని ఏళ్ళ తరబడి పెంచాడు. 1937లో నాజీల భయంతో నార్వేకు పారిపోయాడు. అదే ఏడు మ్యూనిక్‌లో నాజీలు పెట్టిన ‘పతన కళ’ ప్రదర్శనలో అతని పనిని ఎగతాళికి పెట్టారు. 1940లో నార్వే నుంచి బ్రిటన్‌కు పారిపోతే, జర్మనువాడని చెప్పి ఐల్ ఆఫ్ మాన్ దీవిలోని శిబిరంలో వేశారు. అక్కడ వస్తువులేవీ దొరక్క, ఉదయం పెట్టే ఓట్ల జావను మిగిల్చి దానితో శిల్పాలు చేశాడట! అవి బూజు పట్టి కంపు కొట్టాయని తోటి ఖైదీలు తరువాత చెప్పుకున్నారు. 1943లో హానోవర్ ఇల్లు బాంబుదాడిలో నేలమట్టమైంది. ఏళ్ళ శ్రమ పోయింది.

ఇందులో కష్టం కళకు చేసిన ఉపకారం ఏమిటి? ఏమీ లేదు. కష్టం అతని ఇంటిని తీసుకుంది, దేశాన్ని తీసుకుంది, కళను తీసుకుంది. మిగిలినదల్లా అతికే అలవాటు. 1947లో ఇంగ్లండులోని ఎల్టర్‌వాటర్ అనే ఊళ్ళో, న్యూయార్కు ఆధునిక కళా మ్యూజియం ఇచ్చిన డబ్బుతో, ఒక రాతి కొట్టం గోడ మీద రాళ్ళూ కొమ్మలూ తీగలూ, మొక్కలకు నీళ్ళు పోసే డబ్బా మూతీ పెట్టి సున్నం మెత్తడం మొదలుపెట్టాడు. ఒక గోడే దాదాపుగా పూర్తయింది. 1948 జనవరి 7న అతనికి బ్రిటిష్ పౌరసత్వం మంజూరైనట్టు కబురు వచ్చింది. 8న చనిపోయాడు. ఆ గోడను 1965లో ఊడదీసి న్యూకాజిల్‌లోని హాటన్ గ్యాలరీకి తరలించారు.

మూడవ మనిషి పేరు ఫ్రీడల్ డికర్-బ్రాండైస్. ఈమె గురించి రాయాలంటే చేయి ఆగుతుంది. 1898లో వియన్నాలో పుట్టింది. బౌహౌస్‌లో చదువుకుంది. 1942 డిసెంబరులో ఆమెను తెరెజిన్ అనే కోట ఊరికి పంపారు. యూదులను తూర్పు వైపు మరణశిబిరాలకు పంపేముందు నిలిపి ఉంచే చోటు అది. వెంట తెచ్చుకోగలిగిన కొద్దిపాటి సామానులో ఆమె బొమ్మల సరంజామా పెట్టుకుంది. అక్కడి పిల్లలకు రహస్యంగా బొమ్మలు నేర్పింది. కాగితం కరువు. వాడేసిన ఆఫీసు పత్రాల వెనకవైపూ, చుట్టిన కాగితాలూ, దొరికిన తుక్కూ. వాటిని చించి అతికించి పిల్లలు పూలూ, ఇళ్ళూ, కొండలూ కట్టారు. సంఖ్యలూ గడులూ అచ్చయిన పత్రం ముక్క ఒక పువ్వుకు రేకయింది. మనుషులను అంకెలుగా మార్చడానికి అచ్చువేసిన కాగితాలు అవి. పిల్లలు వాటిని ఆకాశంగా వాడారు.

ప్రతి బొమ్మ మీదా పిల్లల చేత పేరు రాయించేది. చిలీ ఆడవాళ్ళు పేరు రాయకపోవడం ఎంత అవసరమో, ఇక్కడ రాయడం అంత అవసరం. 1944 అక్టోబరులో, అంతకు ముందే పంపేసిన భర్త వెంట పోతానని తానే కోరి రైలెక్కింది. ఆష్విట్జ్‌లో ఆమెను చంపారు. వెళ్ళేముందు దాచిపెట్టిన రెండు సూట్‌కేసులలో సుమారు 4,500 బొమ్మలు యుద్ధం ముగిశాక బయటపడ్డాయి. అవి ఇప్పుడు ప్రాగ్‌లోని యూదు మ్యూజియంలో ఉన్నాయి. వాటిని వేసిన పిల్లలలో అత్యధికులు బతకలేదు.

మరి ఆశ ఏమయింది? ఈ ప్రశ్న దాటవేస్తే ఇంతవరకు రాసినదంతా కబుర్లే అవుతుంది. ఆశ అంటే రేపు బాగుంటుందన్న అంచనా అనుకుంటే, తెరెజిన్ పిల్లల ఆశ అబద్ధమయింది. ఆ అంచనా తప్పని వాళ్ళ టీచరుకు తెలియకపోలేదు. అయినా కాగితం ఎలా చించితే అంచు మెత్తగా వస్తుందో, నలుపు పక్కన పెడితే బూడిదరంగు ఎలా వెలుగుతుందో శ్రద్ధగా నేర్పింది. ఆ ఒక గంటలో ఆ పిల్ల పదకొండేళ్ళ పిల్లగా ఉంది, కాగితం చించే పిల్లగా ఉంది, వరుసలో నిలబడ్డ అంకెగా లేదు. రేపటితో నిమిత్తం లేకుండా ఆ గంట జరిగింది. దీన్ని కూడా ఆశ అనే అంటాను. ఇంకో మాట దొరికితే అది వాడుతాను, ఇంతవరకు దొరకలేదు.

ఇప్పుడు మన సంగతికి వస్తాను. 2020 వసంతంలో ఇటలీలోనూ బ్రిటన్‌లోనూ పిల్లలు ఇంద్రధనుస్సు వేసి కిటికీలకు అంటించారు. మన దేశంలో ఏప్రిల్ 5 రాత్రి తొమ్మిదింటికి దీపాలు పెట్టాం. ఆన్‌లైన్లో ‘ఆశ’ మీద చిత్రలేఖనం పోటీలు పెట్టని సంస్థ లేదు. భూగోళానికి మాస్కు కట్టిన బొమ్మ, డాక్టరుకు రెక్కలు పెట్టిన బొమ్మ లెక్కలేనన్ని వచ్చాయి. పిల్లలు వేసినవి పిల్లలవి, వాటిని ఏమీ అనను. పెద్దవాళ్ళు వేసినవాటిలో ఎన్ని ఈరోజు మీకు గుర్తున్నాయి? నాకు ఒక్కటీ గుర్తులేదు. అదే సమయంలో జాతీయ రహదారుల మీద చంటిపిల్లలనెత్తుకుని, చెప్పులు తెగి, సీసాలను అణచి తాడుతో కాళ్ళకు కట్టుకుని నడిచిపోయినవాళ్ళు గుర్తున్నారు. నీళ్ళసీసాతో చేసిన ఆ చెప్పు ఆ ఏడాది ఈ దేశంలో తయారైన అతుకుబొమ్మ. దాన్ని చేసినవాడు కళాకారుడిగా చేయలేదు, కాళ్ళు కాలి చేశాడు. దాన్ని ఎవరైనా దాచారా?

మన రెండు రాష్ట్రాల్లోనూ ఆ నెలల్లో స్వయం సహాయక బృందాల ఆడవాళ్ళు గుడ్డ మాస్కులు కుట్టారు. ఊళ్ళలో దర్జీలు జాకెట్లకు కోయగా మిగిలిన గుడ్డపీలికలతో కుట్టి ఇరుగుపొరుగుకు పంచారు. పూల జాకెట్టు ముక్కతో చేసిన మాస్కు పెట్టుకుని వడ్ల లారీ మీద కూర్చున్న హమాలీని నేను చూశాను. ఆ మాస్కులలో అధికభాగం ఇప్పుడు వంటింటి మసిగుడ్డలయ్యాయి, లేదా చెత్తకుప్పకు పోయాయి. కొన్ని ఇంకా మీ బీరువాలో మూల ఉండి ఉంటాయి. వాటితోపాటు 2021 వేసవి నాటి సీటీ స్కాను కవరు, ఆక్సిజను సిలిండరు రసీదు, టీకా చీటీ, చనిపోయినవారి ఫోను కవరు. ఇవి చూడలేక చాలామంది పారేశారు. పారేసినవారిని తప్పు పట్టే హక్కు ఎవరికీ లేదు. దాచినవారితోనే నా మాట.

మన దగ్గర ఆ రెండేళ్ళ గురించి కవితలు కొల్లలుగా వచ్చాయి. సంకలనాలూ వచ్చాయి. వాటిలో ‘చీకటి తరువాత వెలుగు’ అన్న భావం ఎన్నిసార్లు వచ్చిందో లెక్కబెట్టే ఓపిక నాకు లేదు. వెలుగు వచ్చిందా అన్నది వేరే చర్చ. చీకట్లో మన చేతికి ఏమి తగిలిందో చెప్పినవి చాలా తక్కువ. మాట అబద్ధమాడగలదు. మాట మీద బతికే మనలాంటివారికి ఇది బాగా తెలుసు. మందుల చీటీ అబద్ధమాడలేదు. దాని మీద తేదీ ఉంటుంది, మోతాదు ఉంటుంది, మూలన టీ మరక ఉంటుంది. సాహిత్యం చేయలేని పనిని అతుకుబొమ్మ చేయగలదని నేను అనుకుంటున్నది ఇక్కడే. కవులు నొచ్చుకోకుందురు గాక.

ఇందుకు బొమ్మలు వేయడం రానక్కర లేదు. వస్తువును ఎక్కువ అందంగా చేయాలన్న ఆరాటాన్ని మాత్రం అదుపులో పెట్టుకోవాలి. మాస్కును కత్తిరించి సీతాకోకచిలుకగా మారిస్తే అది మాస్కని మరిచిపోతాం. చెవికి తగిలించే దారం అలాగే వేలాడనివ్వండి. రసీదు మీది అంకె చదవడానికి వీలుగా ఉండనివ్వండి. ఫొటోను, అసలు చీటీని నేరుగా అతికేముందు ఒక జెరాక్సు తీసి పెట్టుకోవడం మంచిది. ఆ నల్లటి థర్మల్ రసీదుల మీది అచ్చు రెండుమూడేళ్ళలో వెలిసిపోతుంది. ఇప్పటికే సగం వెలిసి ఉంటుంది. అయినా ఆ వెలిసిన కాగితాన్ని కూడా పారేయకండి.

గోనెపట్టా కావాలంటే బియ్యం కొట్టులో అడగండి. ఇప్పుడు ప్లాస్టిక్ సంచులే ఎక్కువగాని, జనపనార బస్తాలు ఇంకా దొరుకుతాయి. రెండుసార్లు ఉతికి నీడన ఆరబెట్టాలి, లేకపోతే పీచు రాలుతుంది. కాలం గడిచేకొద్దీ అది రంగు మారి పెళుసవుతుంది. వెనక నూలు గుడ్డ ఒకటి ఆసరాగా కుడితే ఎక్కువ కాలం నిలుస్తుంది. గోనెను గోనెకు కుట్టడానికి దబ్బనమూ పురికొసా, పైన గుడ్డముక్కలకు మామూలు సూదే. కాగితం అతకడానికి మైదా పేస్టు చాలు. పుస్తకాల బైండింగు చేసేవారు పురుగు పట్టకుండా అందులో కాస్త మైలుతుత్తం కలుపుతారు. అది విషం, పిల్లలకు అందనివ్వకండి, కలిపిన గిన్నెను మళ్ళీ వంటింట్లోకి తేకండి. వెనకవైపు ఒక జేబు కుట్టండి. అందులో పెట్టే చీటీ మీద ఇందులో ఉన్నవి ఎవరివో, ఏ ఊరో, ఏ నెలో రాయండి. మీ పేరు రాయాలో వద్దో మీ ఇష్టం.